నాట్యం నుంచి నటనకు: “డ్యాన్స్‌లా ఉంది” అన్న మాటను ఎలా అర్థం చేసుకోవాలి

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీకు ఇరవై ఏళ్లు. భీమవరంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నారు. తొమ్మిదో ఏట మొదలుపెట్టి పదకొండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నారు, రంగప్రవేశం అయింది, డిప్లొమా చేతికి వచ్చింది, యాభై అరవై వేదికల మీద ఆడారు. గత ఏడాది హైదరాబాదులో రెండు ఆడిషన్లకు వెళితే రెండు చోట్లా “బాగా చేశావమ్మా, కానీ నటనలా లేదు, డ్యాన్స్‌లా ఉంది” అన్నారు. ఈ మధ్య ఒక డ్యాన్స్ మాస్టర్ దగ్గర నుంచి సినిమా పాటలో గ్రూప్ డ్యాన్సర్‌గా రమ్మని పిలుపు వచ్చింది. మీ గురువుగారు సినిమా మాట ఎత్తితేనే మౌనంగా ఉండిపోతున్నారు. నేర్చుకున్న నాట్యమే నటనకు అడ్డం అవుతోందా, రాబోయే రెండేళ్లు ఎలా గడపాలి, ఆ పాటకు వెళ్లాలా వద్దా అని అడిగారు.

నేను ముప్పై రెండేళ్లుగా విజయవాడలో కూచిపూడి నేర్పుతున్నాను. మధ్యలో ఏడేళ్లు నాటకాలు వేశాను, కొన్ని టీవీ ధారావాహికల్లో అత్తగా, పిన్నిగా చిన్న పాత్రలు చేశాను. నా శిష్యురాళ్లలో కొందరు నటన వైపు వెళ్లి నిలబడ్డారు, కొందరు వెళ్లి తిరిగి వచ్చారు. ఆ అనుభవంతో చెబుతున్నాను, మీ నాట్యం మీకు అడ్డం కాదు. అయితే మన నాట్యంలో ఒకప్పుడు ఉండి, మీ తరానికి చేరేసరికి చాలావరకు జారిపోయిన భాగం ఒకటి ఉంది. దాని పేరు వాచికం, అంటే గొంతుతో, మాటతో చేసే అభినయం. మీరు సినిమా కోసం కొత్తగా సంపాదించుకోవలసిందని భయపడుతున్న దానిలో సగం కూచిపూడిలోనే ఉంది, దాన్ని వెనక్కి తెచ్చుకోవాలి.

ముందుగా “డ్యాన్స్‌లా ఉంది” అన్న మాటను చూద్దాం. ఆడిషన్ తీసుకునేవారి మనసులో ఆ మాట వెనుక కొన్ని వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉంటాయి, వాటిని విడదీసి చెప్పే తీరిక వారికి ఉండదు. అన్నిటికన్నా పైకి కనిపించేది దూరం. విజయవాడలో తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం లాంటి పెద్ద హాలులో ఆడేటప్పుడు చివరి వరుసలో కూర్చున్న మనిషికి కూడా భావం అందాలి. అందుకే కంటికి కాటుక దట్టంగా తీరుస్తాం, కనుబొమను, మెడను, పెదవి చివరను ఉన్నదానికన్నా పెద్దవిగా కనిపించేలా కదిలిస్తాం. ఆ పెంపు మన విద్యలో తప్పు కాదు, ఆ దూరానికి అవసరమైన కొలత. కెమెరా క్లోజప్‌లో మీ ముఖానికి మూరెడు దూరంలో కూర్చున్న మనిషిలాంటిది. మూరెడు దూరంలో కూర్చున్న స్నేహితురాలితో మాట్లాడుతూ మీరు కళ్లు అంత పెద్దవి చేస్తే ఆమె కంగారు పడుతుంది కదా, తెర మీద చూసేవారికీ అదే జరుగుతుంది.

ఇది నాకు తెలిసిన రోజు బాగా గుర్తుంది. 1996లో ఒక ధారావాహికలో నా పాత్రకు తమ్ముడు చనిపోయాడన్న కబురు ఫోనులో వస్తుంది. నేను రిసీవరు చెవికి ఆనించుకొని ఒక్కసారి ఊపిరి ఎగబీల్చి, కళ్లు విప్పార్చి, చేయి గుండె మీద వేసుకున్నాను. దర్శకుడు టేక్ ఆపించి నా దగ్గరకు వచ్చి చాలా మర్యాదగా “అమ్మా, కబురు మీకు అందితే చాలు, మాకు అందించనక్కర్లేదు” అన్నారు. రెండో టేకులో నేను ఏమీ చేయలేదు, రిసీవరు ఎక్కడ పెట్టాలో తోచక చూశాను, అంతే. అదే ఉంచారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, ఇరవై ఏళ్ల సాధనను ఎవరో పక్కన పెట్టమన్నట్టు అనిపించింది. తర్వాత నెమ్మదిగా ఆలోచిస్తే ఆ రెండో టేకులో నన్ను నిలబెట్టినది కూడా ఆ సాధనే అని తెలిసింది. ఎందుకంటే లోపల భావం నిలకడగా ఉంచుకోవడం, చుట్టూ లైట్లు, మనుషులు ఉన్నా చెదరకపోవడం నాకు సాత్త్విక అభినయం నేర్పిన పనే. నేను ఆపింది దాన్ని బయటికి మోసే ఆంగికాన్ని, అంటే ఒంటి కదలికను మాత్రమే.

కాలం మరొకటి, ఇది దూరం కన్నా లోతైన చిక్కు. మీరు ఒక క్షేత్రయ్య పదం, అంటే అభినయానికి పాడే శృంగార గీతం పట్టారనుకోండి, గాయని ఒకే పాదాన్ని పది సార్లు పాడుతుంటే ప్రతిసారీ ఒక్కో సంచారి, అంటే అదే మాటకు ఒక్కో కొత్త భావ విస్తరణ చేస్తారు, ఒకసారి అలక, ఒకసారి నిందాస్తుతి, ఒకసారి జ్ఞాపకం. ఒక భావంలోంచి మరో భావంలోకి వెళ్లడానికి తాళం మీకు సమయం ఇస్తుంది, రాగం మీకు దారి చూపిస్తుంది. సంభాషణలో ఆ పాదం ఒక్కసారే వస్తుంది. అలక, నింద, జ్ఞాపకం మూడూ ఆ ఒక్క మాటలోనే ఉండాలి, వెనుక తంబురా ఉండదు. నాట్యం నుంచి వచ్చినవారు ఆడిషన్‌లో చేసే పొరపాటు ఏమిటంటే ఒక్క వాక్యంలో ఉన్న ప్రతి పదానికీ విడిగా ఒక భావం పెట్టడం. “నేను రానన్నానా?” అన్న చిన్న మాటలో “నేను” దగ్గర ఒక చూపు, “రానన్నానా” దగ్గర మరో చూపు పడితే చూసేవారికి అది పదానికి పట్టిన హస్తంలా కనిపిస్తుంది. చేయి ఎక్కడో చూపు అక్కడ, చూపు ఎక్కడో మనసు అక్కడ అని అభినయ దర్పణం చెప్పిన క్రమాన్ని మనం చిన్నప్పటి నుంచి వల్లె వేస్తాం. నిజ జీవితంలో మనిషి చేయి కూరగాయలు తరుగుతుంటే చూపు కిటికీ మీద, మనసు మరెక్కడో ఉంటుంది, కెమెరా ముందు నటనకు చాలాసార్లు ఆ చెదిరిన క్రమమే కావాలి.

నేను మరీ ముఖ్యమని భావించే విషయం ఎదుటి మనిషి. ఈనాడు మనం నేర్పేది, పోటీల్లో ఆడించేది ఎక్కువగా ఏకవ్యక్తి ప్రదర్శన. నాయిక మీరే, సఖి మీరే, కృష్ణుడు వచ్చి నిలబడిన చోటు ఖాళీ, ఆ ఖాళీలో ఆయనను నిలబెట్టేది కూడా మీరే. ఇది గొప్ప విద్య, లేని మనిషిని చూడగలగడం నటులకు ఎంతో అవసరం. కానీ మీ కృష్ణుడు మీరు అనుకున్నట్టే ఎప్పుడూ నవ్వుతాడు, మీరు అనుకున్న క్షణంలోనే కోపగించుకుంటాడు. సన్నివేశంలో ఎదురుగా నిజంగా ఒక మనిషి ఉంటాడు, అతడు ఈ టేకులో మాటను ఆలస్యంగా అంటాడు, తర్వాతి టేకులో మెల్లగా అంటాడు. అతడు అన్నది విని, విన్నదానిని బట్టి జవాబు ఇవ్వాలి. ఆడిషన్‌లో పక్కన నిలబడి ఎవరో కాగితం చూసి చదివే మాటలను మీరు విన్నారా, లేక మీ వంతు కోసం ఆగారా అన్నది చూసేవారికి వెంటనే తెలుస్తుంది. నా శిష్యురాళ్లను నేను పరీక్షించినప్పుడు పదిమందిలో ఎనిమిదిమంది ఆగేవారే, అందులో చక్కగా ఆడేవారు ఎక్కువ.

ఇక్కడే కూచిపూడి పుట్టుక గురించి ఒక మాట చెప్పాలి, ఇది చరిత్ర కోసం కాదు, మీ పనికి నేరుగా సంబంధించినది. కృష్ణా జిల్లాలో మొవ్వ పక్కన ఉన్న ఆ ఊరి భాగవతులు ఆడినవి కలాపాలు, యక్షగానాలు. అంటే అవి నాటకాలు. సిద్ధేంద్రయోగి పేరుతో మనకు వచ్చిన భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి, ప్రవేశ దరువుతో, అంటే పాత్ర తనను పరిచయం చేసుకునే పాటతో వచ్చి, ఆ తర్వాత చెలికత్తె మాధవితో మాట్లాడుతుంది. మాధవి “నీ పెనిమిటి పేరేమిటి?” అని అడుగుతుంది, భామ సిగ్గుపడి చెప్పలేక సైగలు చేస్తుంది, మాధవి వదలదు, భామ విసుక్కుంటుంది. ఉత్తరం తీసుకెళ్లమంటే మాధవి ఆమె ముక్కుపుడక అడుగుతుంది. ఇదంతా పాట, పద్యం, వచనం కలిసిన సంవాదం. పాత్రధారి తన గొంతుతో పాడి, తన గొంతుతో మాట్లాడి, ఎదుటివారి చురకకు అప్పటికప్పుడు జవాబు ఇచ్చి నెగ్గాలి. వేదాంతం సత్యనారాయణ శర్మగారు (1935–2012) సత్యభామగా ఊళ్లకు ఊళ్లను నిద్రపోనివ్వలేదని మా పెద్దలు చెప్పేవారు. వారు మొదట చెప్పేది ఆ నడక గురించి, వెంటనే చెప్పేది ఆ మాట విరుపు గురించి.

ఇరవయ్యో శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారి వంటి గురువులు ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు, ఏకవ్యక్తి ప్రదర్శన బలపడింది. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టిన వెంపటి చినసత్యంగారు ఈ కళను దేశదేశాల వేదికలకు యోగ్యంగా తీర్చిదిద్దారు. ఆ మార్పు వల్లే మీరూ నేనూ గజ్జె కట్టగలిగాం, దానికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. ఆ క్రమంలో పాట, మాట పక్కన కూర్చున్న గాయకుల వైపు జరిగాయి, నర్తకికి పెదవి కదపడం మిగిలింది. అందుకే మీరు పదకొండేళ్లు నేర్చుకొని ఎన్నోసార్లు భామ వేషం కట్టి కూడా బహుశా ఒక్కసారి కూడా గొంతు విప్పి మాధవికి జవాబు చెప్పి ఉండరు. ఆంగికం, ఆహార్యం (వేషం, అలంకరణ), సాత్త్వికం (లోపలి భావం) మీ దగ్గర ఉన్నాయి. నాలుగు అభినయాల్లో వాచికం ఒక్కటే మీకు అందలేదు, నటనలో అడుగు పెట్టగానే మొదట అడిగేది దాన్నే.

మరి ఇంతకుముందు నాట్యం నుంచి వచ్చినవారు ఎలా నెగ్గారు అని మీకు అనిపించవచ్చు. వారి తొలి రోజులను జాగ్రత్తగా చూస్తే ఎంతో తెలుస్తుంది. చినసత్యంగారి శిష్యురాలు మంజుభార్గవికి 1980లో వచ్చిన ‘శంకరాభరణం’లో తులసి పాత్ర దక్కింది. ఆ పాత్రకు మాటలు చాలా తక్కువ, చూపులో భక్తి, నిలబడడంలో అణకువ, ఎదురుగా రంగస్థలం నుంచి వచ్చిన సోమయాజులుగారి గాంభీర్యం. నాట్యం నేర్చిన శరీరం కదలకుండా ఉండడంలోనే ఎంత చెప్పగలదో అక్కడ చూడవచ్చు. మీరు ఆ సినిమాను మరోసారి చూడండి, ఈసారి ఆమె ఆడిన చోట్లను వదిలి, ఆమె ఊరకే వింటున్న చోట్లను చూడండి. 1988లో ‘స్వర్ణకమలం’లో భానుప్రియ చేసినది మరో రకం పని. కూచిపూడి గురువు కూతురై ఉండి నాట్యం మీద మనసు లేని అమ్మాయి పాత్ర అది. బాగా ఆడగలిగిన మనిషి, ఆడడం ఇష్టం లేని మనిషిగా కనిపించాలి. తన విద్యను పక్కన పెట్టి పాత్రకు లొంగడం అంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

సుధాచంద్రన్ ప్రయాణం గురించి మీరు వినే ఉంటారు, కానీ సాధారణంగా సగమే చెబుతారు. చిన్నప్పటి నుంచి భరతనాట్యం నేర్చుకున్న ఆమె 1981లో తిరుచిరాపల్లి దగ్గర జరిగిన బస్సు ప్రమాదం తర్వాత ఒక కాలు కోల్పోయారు. జైపూర్ కాలు అనే కృత్రిమ కాలు అమర్చుకొని, దానితో నడవడం, తర్వాత ఆడడం మళ్లీ మొదటి నుంచి నేర్చుకొని, 1984లో వేదిక ఎక్కారు. ఆమె కథను సింగీతం శ్రీనివాసరావుగారు ‘మయూరి’గా తెలుగులో తీస్తే 1985లో వచ్చిన ఆ సినిమాలో ఆమె పాత్రను ఆమే పోషించారు. జాతీయ పురస్కారాల్లో ప్రత్యేక జ్యూరీ బహుమతి వచ్చింది, మరుసటి ఏడాది ఆ కథ హిందీ సినిమాగానూ వచ్చింది. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. నా దృష్టిలో మీకు పనికివచ్చేది ఆ తర్వాతి భాగం. తన కథ ఒక్కసారే తీయగలరు, నర్తకి పాత్రలు ఏటా రావు. ఆమెకు ఇంటింటా గుర్తింపు మళ్లీ వచ్చింది 2001లో మొదలైన ‘కహీ కిసీ రోజ్’ అనే హిందీ ధారావాహికలో రమోలా సికంద్ అనే కఠినమైన అత్తగారి పాత్రతో. అందులో ఆమెను నిలబెట్టినవి చూపు, మాట. మొదటి అవకాశం నాట్యం వల్ల రావచ్చు, ముప్పై నలభై ఏళ్లు నటిగా బతకాలంటే నాట్యం లేని పాత్రలు చేయగలగాలి. మీరు ఇరవై ఏళ్ల వయసులోనే ఈ విషయం తెలుసుకొని ప్రణాళిక వేసుకోవడం మంచిది.

ఒక తేడాను కూడా గమనించండి. ఆ కాలంలో గొంతు పక్కవారిది అయినా నడిచేది. భరతనాట్యం నుంచి వచ్చిన శోభనకు 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రత్తాళ్’ ఉత్తమ నటిగా జాతీయ పురస్కారం తెచ్చింది. ఆ పాత్రకు గొంతు ఇచ్చినవారు వేరు. ముఖం, శరీరం అంత గొప్పగా పలికితే గొంతు అరువు తెచ్చుకోవచ్చు అని అప్పటి పద్ధతి ఒప్పుకుంది. ఇప్పుడు వెబ్ సిరీస్‌లలో చాలావాటికి షూటింగ్ జరిగే చోటే మాట రికార్డు చేస్తున్నారు, తెలుగు వచ్చిన అమ్మాయి తన గొంతుతోనే చెప్పాలని దర్శకులు కోరుకుంటున్నారు. సాయిపల్లవి ఈటీవీలో వచ్చిన ‘ఢీ’ పోటీలో ఆడిన అమ్మాయిగా మనవాళ్లకు మొదట తెలుసు. 2015లో మలయాళంలో ‘ప్రేమమ్’, 2017లో తెలుగులో ‘ఫిదా’. తెలుగు మాతృభాష కాకపోయినా బాన్సువాడ అమ్మాయి భానుమతికి తెలంగాణ యాస నేర్చుకొని తానే డబ్బింగ్ చెప్పారు. ఆ సినిమా చూసినవారు ఆమె డ్యాన్సుతో పాటు ఆ మాటలను కూడా ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. మీకు భీమవరం యాస పుట్టుకతో వచ్చింది. దాన్ని ఆడిషన్‌లో దాచిపెట్టి టీవీ యాంకర్లలా మాట్లాడడానికి ప్రయత్నించారేమోనని నా అనుమానం, దాదాపు అందరూ అదే చేస్తారు. అలా చేయకండి.

ఇక రెండేళ్ల సంగతి. వాచికం కోసం మీరు మొదట వెళ్లవలసింది మీ గురువుగారి దగ్గరకే. సినిమా గురించి అనుమతి అడగకండి. “భామాకలాపం సంవాదాలతో సహా నేర్పండి, మాధవి మాటలు కూడా నేర్చుకుంటాను, కందార్థాలు, సీసార్థాలు అనే పద్యభాగాలు నా గొంతుతో చదువుతాను” అని అడగండి. మౌనంగా ఉన్న గురువుల్లో చాలామందికి ఉన్న భయం ఒక్కటే, ఇన్నేళ్లు పోసిన విద్య మూడు నిమిషాల పాటలో కరిగిపోతుందని. ఆ భయాన్ని చిన్నచూపు చూడవద్దు, నాకూ ఉంది. మీరు కళలోకి ఇంకా లోతుగా వెళ్లడానికి వచ్చారని తెలిస్తే ఆ మౌనం కొంత కరుగుతుంది. వారికి సంవాదాల సంప్రదాయం అందకపోయి ఉంటే కూచిపూడి గ్రామంలో సిద్ధేంద్రయోగి కళాపీఠం ఉంది, ఆ ఊరి కుటుంబాల్లో కలాపం తెలిసిన పెద్దలు ఉన్నారు, సెలవుల్లో ఒక నెల అక్కడ ఉండి నేర్చుకోవచ్చు.

దానితో పాటు నాటకం వేయండి. మన జిల్లాల్లో నాటక పరిషత్తుల పోటీలు ఏటా జరుగుతూనే ఉన్నాయి, సాంఘిక నాటికలకు అమ్మాయిలు దొరకక ఇబ్బంది పడే సమాజాలు ఎన్నో ఉన్నాయి. మీరు రిహార్సల్‌కు క్రమంగా వస్తానంటే చాలు, పాత్ర ఇస్తారు. నాటికలో పాత్ర చిన్నదైనా ఎదుటి మనిషి మాట వినడం తప్పనిసరి, నలభై రోజులు ఒకే మాటను కొత్తగా అనడం అక్కడే నేర్చుకుంటారు. ఆకాశవాణి నాటక విభాగం ఆడిషన్ కూడా ఇవ్వండి. రేడియోలో ముఖం లేదు, చేయి లేదు, గజ్జె లేదు, మీకు అలవాటైన ఆధారాలన్నీ తీసేసి గొంతు ఒక్కటే మిగులుస్తుంది. నా దగ్గరి నుంచి వెళ్లినవారిలో అందరికన్నా త్వరగా మారినది రేడియో నాటకాలు చేసిన అమ్మాయే. ఆరు నెలల్లో ఆమె మాటలో ఊపిరి కుదిరింది. నర్తకులకు జతి (తాళానికి అడుగులు వేసే వరుస) మధ్యలో ఊపిరి దాచుకోవడం అలవాటు, మాట్లాడేటప్పుడు ఆ అలవాటు వల్ల వాక్యం చివర గొంతు సన్నబడుతుంది. దాన్ని సరిచేసుకోవాలంటే రోజూ అరగంట వచనం బయటికి చదవాలి, పద్యం కాదు, వార్తాపత్రికైనా సరే.

డిగ్రీ మధ్యలో వదలకండి. ఇది తల్లిదండ్రుల కోసం చెప్పే మాట కాదు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా మూడేళ్ల శిక్షణకైనా, హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల పీజీకైనా డిగ్రీ కావాలి, నాటకానుభవం ఉంటే ఎంపికలో బలం వస్తుంది. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు రెండేళ్ల పాటు నెలకు రూ.5,000 ఉపకార వేతనం ఇచ్చే పథకం ఉంది, నాట్యానికీ నాటకానికీ వర్తిస్తుంది. మీ వయసు ఇప్పుడే సరిపోతుంది కాబట్టి ప్రకటన వచ్చినప్పుడు తప్పక దరఖాస్తు చేయండి. ఆ డబ్బుతో హైదరాబాదు అద్దె గడవదు, కానీ గురుదక్షిణకు, ప్రయాణాలకు ఇంట్లో చేయి చాచకుండా నడుస్తుంది, దానివల్ల మీ మాటకు ఇంట్లో వచ్చే బరువు వేరు.

గ్రూప్ డ్యాన్సర్‌గా వచ్చిన పిలుపు గురించి నా అభిప్రాయం చెబుతాను. వీలైతే ఒక్క పాటకు వెళ్లండి, సెట్ ఎలా నడుస్తుందో చూడడానికి. మన తాళాలన్నీ పక్కన పెట్టి ఎనిమిది అంకెల లెక్కలో ఆడిస్తారు, పాటను ముక్కలు ముక్కలుగా, వెనుకా ముందూగా తీస్తారు, మధ్యాహ్నం చేసిన చేయి సాయంత్రం అదే ఎత్తులో ఉండాలి. కంటిన్యూటీ, మార్క్ మీద ఆగడం, లైటు వెతుక్కోవడం ఒక్క రోజులో ఒంటబడతాయి. అయితే దాన్ని నటనకు మెట్టుగా అనుకోకండి. అందులో కొనసాగాలంటే డ్యాన్సర్ల యూనియన్ కార్డు, మాస్టర్ల గ్రూపు, రోజూ లభ్యంగా ఉండడం అవసరం. అది గౌరవమైన, ఒళ్లు వంచి చేసే వేరే వృత్తి. ప్రభుదేవా లాంటివారు గ్రూపులోంచి నాయకపాత్రకు వచ్చారు, నిజమే. కానీ ఆయన మధ్యలో డ్యాన్స్ మాస్టర్‌గా దేశమంతా తెలిశారు, ఆ తర్వాతే నటుడయ్యారు. వెనుక వరుసలో కనిపించిన ముఖానికి మాటలున్న పాత్ర ఇవ్వడానికి దర్శకులు సంకోచించడం నేను చూశాను, అది న్యాయం కాకపోయినా ఉన్న సంగతి.

కొన్ని జాగ్రత్తలు క్లుప్తంగా. అవకాశం కోసం, ప్రొఫైల్ కోసం, శిక్షణ కోసం అంటూ ముందుగా డబ్బు అడిగేవారి దగ్గర ఆగవద్దు. నా శిష్యురాలు ఒకామె తల్లి గాజులు అమ్మి కట్టిన డబ్బు అలాగే పోయింది, ఆ అమ్మాయి ఆ తర్వాత గజ్జె కూడా ముట్టలేదు. కొత్త చోటికి ఇంట్లోవారినో స్నేహితురాలినో వెంట తీసుకెళ్లండి, ఒప్పంద పత్రం ఇంటికి తెచ్చుకొని చదివాకే సంతకం పెట్టండి. బరువు తగ్గమని చెబితే తొందరపడి తిండి మానకండి, అరమండిలో, అంటే మోకాళ్లు వంచి సగం కూర్చున్న భంగిమలో, మోకాలి మీద పడే భారాన్ని ఎక్కువగా మోసేది తొడ కండరమే, అది కరిగితే మోకాలికి ముప్పు. నాట్యం చేసిన ఒంటి దృఢత్వం తెర మీద అందంగానే ఉంటుంది.

సాధన మాత్రం మానకండి. వారానికి నాలుగు రోజులు అడవులు (నాట్యంలోని మూల అడుగులు), ఒక తరంగం (కృష్ణుడి మీద పాటకు ఆడే అంశం), ఒక పదం చాలు. నటనకు వెళ్లినవారు మొదట మానేది పదాభినయం, ఎందుకంటే అది వారిని “డ్యాన్స్‌లా” చేస్తుందని భయం. అలా మానినవారికి రెండేళ్లలో లోపలి నిలకడ పలచబడుతుంది, కెమెరా ముందు చూపు ఖాళీ అవుతుంది. మీరు ఒకే పదాన్ని రెండు విధాలుగా సాధన చేయండి. ఒకసారి వేదిక కొలతలో, నిండుగా, సంచారులతో. తర్వాత నేల మీద కూర్చొని, పాట మనసులోనే వినిపించుకుంటూ, ముఖం ఏమీ చేయకుండా, ఆలోచనలు మాత్రం అదే వరుసలో సాగనిస్తూ. రెండోదాన్ని ఫోను పెట్టి తీసుకోండి. మొదటి నెల ఆ వీడియోలో ఏమీ కనిపించదు, విసుగు వస్తుంది. మూడో నెలకు కంటి కింద ఏదో కదలడం మీకే కనిపిస్తుంది. ఆ కదలికను మీరు చేయలేదు, వచ్చింది. ఆడిషన్‌లో వారు వెతుకుతున్నది దాన్నే.

మూడో ఆడిషన్‌కు వెళ్లేముందు ఒక పని చేయండి. మాధవి పెనిమిటి పేరు అడిగే ఘట్టం తీసుకొని, దాన్ని మీ ఇంటి మాటల్లోకి, మీ యాసలోకి మార్చుకోండి. మీ అమ్మగారినో చెల్లెలినో ఎదురుగా కూర్చోబెట్టి మాధవి మాటలు వారికి నచ్చినట్టు, నచ్చిన క్రమంలో అడగమనండి. మీరు కుర్చీలో కూర్చొని, చేతులు ఒళ్లో పెట్టుకొని, వారు అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి. చేతులు లేస్తే మళ్లీ మొదలుపెట్టండి. వారం రోజులు చేశాక ఒక మూడు నిమిషాలు వీడియో తీసి, ఎక్కడికీ పంపకముందు మీ గురువుగారికి చూపించండి. ఆయన మొదటి నిమిషంలోనే భామను గుర్తుపడతారని నా నమ్మకం.